వారానికోసారి అరగంట: అపార్ట్‌మెంట్లో, బస్తీలో దోమల పని పట్టడం ఎలా

వానలు మొదలవగానే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "ఫాగింగ్ ఎప్పుడు చేస్తారు?" ఎవరో ఒకరు కార్పొరేటర్‌కి ఫోన్ చేస్తారు, ఇంకొకరు మోరీ ఫొటో తీసి పెడతారు. పొగ బండి వస్తుంది, వెళ్తుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఈలోగా మూడో అంతస్తులో ఒక పిల్లాడికి డెంగీ వస్తుంది, అందరూ మళ్లీ మోరీనే తిడతారు.

మోరీ శుభ్రంగా ఉండాల్సిందే. కానీ డెంగీ దోమ మోరీలో పుట్టదు. అది పుట్టేది మనం దాచుకున్న మంచినీళ్లలో, మనం మరిచిపోయిన బకెట్లో. అక్కడికి మున్సిపాలిటీ వాళ్లు వచ్చినా వారానికోసారి రాలేరు. మనం వెళ్లగలం. హైదరాబాద్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను గానీ విజయవాడైనా, విశాఖైనా, వరంగల్ అయినా పని ఇదే.

ముందు కుడుతున్న దోమ ఏదో తేల్చుకోండి

లైటు ఆర్పగానే చెవి దగ్గర గుయ్యిమని తిరిగేది ఎక్కువగా క్యూలెక్స్. మట్టి రంగులో ఉంటుంది. మురుగు నీళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో, గుర్రపుడెక్క పట్టిన చెరువుల్లో పెరుగుతుంది. మూసీ పక్కన, పెద్ద నాలాల పక్కన ఉండేవాళ్లకు చలి తగ్గి ఎండలు ముదిరే రోజుల్లో ఇది నరకం చూపిస్తుంది. బోదకాలు తెచ్చేది ఇదే. డెంగీ మాత్రం తేదు.

డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఏడిస్. నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్లటి చారలుంటాయి కాబట్టి చాలామంది టైగర్ దోమ అంటారు. ఇది పగటి దోమ. పొద్దున ఎండ వచ్చిన తర్వాత రెండు మూడు గంటలు, మళ్లీ సాయంత్రం చీకటి పడేముందు బాగా కుడుతుంది. పెద్దగా చప్పుడు చేయదు. టేబుల్ కింద మడమల దగ్గర, మోకాళ్ల కింద కుట్టి పోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఇది ఎక్కువ దూరం ఎగరదు. పుట్టిన చోటి నుంచి మహా అయితే కొన్ని వందల మీటర్లు. అంటే మిమ్మల్ని పొద్దున కుట్టిన చారల దోమ మీ బిల్డింగ్‌లోనో, పక్క బిల్డింగ్‌లోనో, ఎదురు సందులోనో పుట్టిందే.

మూడోది మలేరియా దోమ అనాఫిలిస్. గోడ మీద వాలినప్పుడు తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా నిలబడుతుంది. 1897 ఆగస్టు 20న బ్రిటిష్ డాక్టర్ రోనాల్డ్ రాస్ ఈ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లోనే. అందుకే ఆ తేదీని ప్రపంచమంతా దోమల దినంగా జరుపుకుంటుంది. మనవాళ్లు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి ఆయన పేరు పెట్టారు. నగరాల్లో ఉండే అనాఫిలిస్ రకం ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, బావుల్లో, కట్టే బిల్డింగుల నీళ్లలో పెరుగుతుంది. ఇదీ మంచినీళ్ల దోమే.

లెక్క తేలింది కదా. మోరీ, నాలా, చెరువు గురించి కార్పొరేషన్‌ని అడగాలి, గట్టిగానే అడగాలి. మిగతా రెండు దోమల సంగతి మనం చూసుకోవాలి.

వారంలో ఒక రోజు పెట్టుకోండి

గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా మన ఎండలకు 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు పారబోస్తే పురుగు దశలోనే చస్తుంది. రెండు వారాలకోసారి చేస్తే చేసినట్టే ఉంటుంది గానీ మధ్యలో ఒక కాన్పు ఎగిరిపోతుంది. రెండు రాష్ట్రాల్లోనూ శుక్రవారం డ్రై డే అని ప్రచారం చేసేది ఇందుకే. 2020లో తెలంగాణ మున్సిపల్ శాఖ "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని పిలుపునిచ్చింది. ఆదివారమైతే అందరూ ఇంట్లో ఉంటారు కాబట్టి నాకైతే అదే నచ్చుతుంది. ఏ రోజైనా ఫర్వాలేదు. మళ్లీ అదే రోజుకి చేయడమే కావాలి.

ఒక టార్చి, మగ్గు, తెల్లటి గిన్నె, గరుకు స్క్రబ్బర్, కాస్త దోమతెర గుడ్డ, కట్టడానికి తాడు తీసుకోండి. తెల్ల గిన్నె ఎందుకంటే అందులో పోసి చూస్తే పురుగులు స్పష్టంగా కనబడతాయి. నీటి పైపొరకు తలకిందులుగా వేలాడుతూ, గిన్నె కదిపితే ఒళ్లంతా మెలికలు తిప్పుకుంటూ అడుక్కి పోతే అవి ఏడిస్‌వో క్యూలెక్స్‌వో. పైపొరకు సమాంతరంగా బల్లపరుపుగా పడుకుని ఉంటే అనాఫిలిస్. కామా గుర్తులా వంకర తిరిగి ఉన్నవి కనబడితే అవి ప్యూపాలు. ఇంకో రెండు రోజుల్లో ఎగరబోతున్నాయని అర్థం.

డాబా నుంచి కిందికి దిగుతూ చూడండి

డాబాతోనే మొదలుపెట్టండి, ఎవరూ వెళ్లని చోటు అదే. ట్యాంకు మూత ఉందా, ఉన్నా సరిగా కూర్చుందా? ప్లంబర్ పైపు వేయడానికి మూతకు పెట్టిన బొక్క అలాగే ఉంటే దోమకు అది చాలు. ఓవర్‌ఫ్లో పైపు మూతికి దోమతెర గుడ్డ కట్టండి. మిగిలిపోయిన రంగు డబ్బాలు, పగిలిన కమోడ్లు, పాత టైర్లు, వాన పడకుండా కప్పిన టార్పాలిన్ మడతలు చూడండి. ఆకులు అడ్డుపడి వాననీళ్లు పోయే గొట్టం మూసుకుపోతే డాబా మూలే చిన్న చెరువవుతుంది.

తర్వాత ఇళ్లలోకి రండి. కూలర్ గురించి అందరికీ తెలుసు, ఫ్రిజ్ వెనక కింద ఉండే ట్రే సంగతి చాలామందికి తెలీదు. డీఫ్రాస్ట్ నీళ్లు అందులోకే చేరతాయి. ఏసీ నీళ్ల కోసం బాల్కనీలో పెట్టిన బకెట్, పూలకుండీల కింద పళ్లేలు, సీసాలో పెట్టిన మనీ ప్లాంట్, హాల్లో పూలు తేలేసే ఇత్తడి ఉరళి, పక్షులకు పెట్టిన నీళ్ల గిన్నె, అన్నీ చూడాలి. పక్షులకు నీళ్లు మానేయక్కర్లేదు, రోజూ గిన్నె కడిగి కొత్తవి పోస్తే సరిపోతుంది. వినాయక చవితి తర్వాత ఇంకోటి. మట్టి విగ్రహాన్ని ఇంట్లోనే బకెట్లో నిమజ్జనం చేసి, కరిగేదాకా అని బాల్కనీలో వదిలేస్తాం. డెంగీ ముదిరే కాలం సరిగ్గా అదే. రెండో రోజే కలిపేసి మొక్కలకు పోసేయండి.

తాళం వేసిన ఫ్లాట్లు ఒక తలనొప్పి. ఓనర్ అమెరికాలో ఉంటాడు, తాళంచెవి బావమరిది దగ్గర ఉంటుంది. లోపల కమోడ్‌లో, బాత్రూమ్ బకెట్లో నీళ్లు నిలిచి ఉంటాయి. కమోడ్ మూతలు వేయించి, బకెట్లు బోర్లించి, నెలల తరబడి వాడకపోతే ఫ్లోర్ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే రంధ్రం) మీద టేపు అంటించమనండి. అసోసియేషన్ దగ్గర ఒక తాళంచెవి ఉంచమని అడగడం మేలు.

కింద సంపు, లిఫ్ట్ గుంత, నల్లా మీటర్ గుంత, సెల్లార్ మూలలు చూడాలి. లిఫ్ట్ గుంతలోకి మీరు దిగకండి, మెకానిక్‌తోనే చూపించండి. వానాకాలంలో ఊట నీళ్లు అక్కడ చేరడం మామూలే. బిల్డింగ్ మొత్తం మీద డెంగీ ప్రమాదం ఎక్కువగా ఉండేది వాచ్‌మన్ కుటుంబానికే. ఆ గది పక్కనే డ్రమ్ములు, మోటార్ గుంత, చెత్త, కొబ్బరి బొండాలు ఉంటాయి. అయినా ఈ పనంతా చాలా అపార్ట్‌మెంట్లలో ఆయన ఒక్కడి నెత్తిన వేస్తాం. అంతస్తుకొకరు ఆయనతో పాటు తిరిగితే పని త్వరగా అవుతుంది, చెప్పింది జరుగుతుంది కూడా.

పారబోస్తే సగమే అయినట్టు

ఏడిస్ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకి. నల్లటి నలుసుల్లా అంటుకుని ఉంటాయి. నీళ్లు పారబోసి డ్రమ్ము ఎండబెట్టినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. ఎండాకాలమంతా ఖాళీగా ఉన్న డ్రమ్ములో, టైర్లో తొలకరి వాన పడ్డ వారానికే దోమలు పుట్టుకొచ్చేది ఇందుకే. కాబట్టి గోడలు గట్టిగా రుద్ది కడగాలి, ముఖ్యంగా నీటి గీత ఉండే చోట. పురుగులున్న నీళ్లను మోరీలో పోయకుండా ఎండ తగిలే మట్టిలోనో, కాంక్రీటు మీదో పారబోయండి.

నల్లా రోజు విడిచి రోజు వచ్చే బస్తీల్లో "నీళ్లు నిల్వ చేయకండి" అని చెప్పడం సులువే, వినేవాళ్లకే కష్టం. నీళ్లు దాచుకోక తప్పదు. రెండు డ్రమ్ములుంటే ఒకటి పూర్తిగా వాడేసి, రుద్ది కడిగి, అప్పుడు నింపండి. ఎప్పుడూ సగం ఉన్నదాని మీదే కొత్త నీళ్లు పోస్తూ పోతే ఆ డ్రమ్ము అడుగు ఏడాదైనా చూడరు. మూత లేకపోతే పాత చీర గుడ్డో, దోమతెరో పరిచి అంచు చుట్టూ తాడుతో బిగించి కట్టండి. గుడ్డ నడుమ జారి నీళ్లను తాకకూడదు, తాకితే దాని మీదే గుడ్లు పెడుతుంది.

పారబోయలేని నీళ్లు

సెప్టిక్ ట్యాంక్ గాలి గొట్టం పైన నైలాన్ దోమతెర కట్టడం చాలా చిన్న పని. పది రూపాయల గుడ్డ, ఒక తీగ చాలు. క్యూలెక్స్ కోసం ఇంట్లో చేయగలిగిన పనుల్లో ఇంతకంటే లాభమైనది లేదు. ట్యాంకు పైన పలకల సందులు సిమెంటుతో పూయించండి.

తోటలో తొట్టి, ఫౌంటెన్, వాడని బావి ఉంటే గప్పీ చేపలు వేయవచ్చు, దోమ పిల్లల్ని ఇష్టంగా తింటాయి. గంబూషియా కూడా తింటుంది గానీ దాన్ని చెరువుల్లో, కాలువల్లో వదలకండి. అక్కడి మన చేపల గుడ్లనీ పిల్లలనీ తినేస్తుంది. చేపలు కుదరని చోట బీటీఐ అనే బాక్టీరియా మందు దొరుకుతుంది. దాన్ని లార్వా (దోమ పురుగు) తిని చస్తుంది. ప్యూపా ఏమీ తినదు కాబట్టి దాని మీద పనిచేయదు, అందుకే కామా ఆకారాలు కనబడకముందే వేయాలి.

సెల్లార్‌లో, ఖాళీ స్థలంలో నిలిచిన వాడని నీళ్లకు మున్సిపాలిటీ వాళ్లు లార్వా మందు చల్లుతారు, రంపపు పొట్టు మూటలు నూనెలో ముంచిన ఆయిల్ బాల్స్ వేస్తారు. పైన పల్చటి నూనె పొర పరుచుకుని పురుగుకు ఊపిరాడదు. ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లూ ఉన్నారు. అది నేలలోకి, బోరులోకి దిగుతుంది, వద్దు. తాగే నీళ్ల సంపులో మీ అంతట మీరు ఏ మందూ కలపకండి. దానికి మూత, జాలీ, కడగడం, అంతే.

ప్రహరీ అవతల

మీ బిల్డింగ్ అద్దంలా ఉన్నా పక్కన కడుతున్న బిల్డింగ్‌లో క్యూరింగ్ నీళ్లు (సిమెంటు గట్టిపడడానికి పోసేవి) వారాల తరబడి నిలిస్తే మీ కష్టం వృథా. మేస్త్రీతో గొడవ పడితే పని కాదు, సైట్ ఇంజనీర్ ఫోన్ నంబర్ బోర్డు మీద ఉంటుంది. స్లాబు మీద కట్టిన మడవల్లో నీళ్లు వారానికోసారి పూర్తిగా ఆరనివ్వమని, డ్రమ్ములకు మూతలు పెట్టమని, కూలీల గుడిసెలకు దోమతెరలు ఇవ్వమని అడగండి. వినకపోతే తేదీ కనబడేలా ఫొటో తీసి హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) యాప్‌లో పెట్టండి. ఎంటమాలజీ (దోమల నివారణ) విభాగం వాళ్లు వచ్చి చూస్తారు, నిర్లక్ష్యం ఉంటే జరిమానా కూడా వేస్తారు. వేరే ఊళ్లలో మున్సిపల్ ఆఫీసులోని మలేరియా విభాగం ఈ పని చూస్తుంది. ఫిర్యాదులో "దోమలు ఎక్కువగా ఉన్నాయి" అని రాస్తే పొగ బండి వస్తుంది. "ఫలానా ప్లాటు సెల్లార్ నీళ్లలో లార్వా ఉంది" అని రాస్తే మందు చల్లే మనిషి వస్తాడు. రెండోదే కావాలి.

మధ్యాహ్నం పూట పొగ కొడుతుంటే వాళ్లను ఆపి అడగండి. వేడి గాలి పొగను పైకి లేపేస్తుంది, దోమకు తగలదు. తెల్లవారుజామున, లేదా పొద్దుగూకే వేళ, గాలి లేనప్పుడు కొట్టాలి. అప్పుడైనా ఎగిరే దోమ చస్తుంది గానీ లార్వాకు ఏమీ కాదు. ఏడిస్ ఎలాగూ వీధిలో తిరగదు. మంచం కింద, కర్టెన్ల వెనక, హ్యాంగర్ల బట్టల మధ్య కూర్చుంటుంది. అందుకే పొగ బండి వచ్చినప్పుడు అన్నం గిన్నెలు, నీళ్లు మూసేసి, ఉబ్బసం ఉన్నవాళ్లను, చంటిపిల్లలను దూరంగా పంపి, కాసేపు తలుపులు తెరిచి ఉంచమంటారు. మనం చేసేది సరిగ్గా తిరగబడి ఉంటుంది, బండి చప్పుడు వినగానే కిటికీలన్నీ బిగిస్తాం.

ఒంటికి తగలకుండా

కిటికీలకు జాలీ వేయించేటప్పుడు కన్ను 1.2 మిల్లీమీటర్లకు మించకుండా చూసుకోండి. బాత్రూమ్ వెంటిలేటర్ మరిచిపోకండి, చాలా ఇళ్లలో దోమల సింహద్వారం అదే. పగలు నిద్రపోయే పసిపిల్లలకు, బాలింతలకు, నైట్ షిఫ్ట్ చేసి పొద్దున పడుకునేవాళ్లకు పగలే దోమతెర కావాలి. బడికి వెళ్లే పిల్లలకు ఆగస్టు నుంచి నవంబర్ దాకా నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు వేయండి. చేతులకు, మడమలకు దోమల క్రీమ్ రాసి పంపండి. క్రీమ్ డబ్బా మీద ఎన్ని గంటలు పనిచేస్తుందో, ఏ వయసు నుంచి వాడవచ్చో చదవండి. రెండు నెలల లోపు పిల్లలకు క్రీములు వద్దు, తెర ఒక్కటే.

కాయిల్ మీద నాకు ఏమాత్రం గౌరవం లేదు. ఒక కాయిల్ కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని పరిశోధకులు లెక్కగట్టారు. తలుపులన్నీ మూసిన గదిలో పిల్లల మంచం కింద దాన్ని వెలిగించడం ఏం తెలివి? మార్కెట్లో దొరికే దోమల అగరబత్తుల సంగతి మరీ ఘోరం. ప్యాకెట్ మీద మందు పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ లేకపోతే కొనకండి. ఫోన్‌లో చప్పుడు చేసి దోమల్ని తరిమే యాప్‌లు పనిచేయవు. బ్యాట్ సరదాగా ఉంటుంది, అంతకుమించి ఆశించవద్దు.

జ్వరం వస్తే

ఏడిస్ కుట్టిన 4 నుంచి 10 రోజుల్లో జ్వరం వస్తుంది. ఒక్కసారిగా ఎక్కువగా వచ్చి, తలనొప్పి, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరిచేసినట్టు ఉంటుంది. ఆ సీజన్‌లో ఏ జ్వరమైనా డెంగీ కాదని తేలేదాకా డెంగీగానే చూడండి. పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర "ఒక సూది వేయండి, నొప్పులు తట్టుకోలేకున్నా" అనడం మనకు అలవాటు. ఆ సూది చాలాసార్లు డైక్లోఫెనాకే. వద్దని చెప్పండి.

మొదటి 5 రోజుల్లో వైరస్ ప్రొటీన్‌ని పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష పనికొస్తుంది, ఆ తర్వాత ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను పట్టే ఐజీఎం. రెండో రోజే ఐజీఎం చేయించి నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. బస్తీ దవాఖానాలో, అర్బన్ హెల్త్ సెంటర్‌లో చూపించుకుంటే అక్కడి నుంచి శాంపిల్ ల్యాబ్‌కి పంపిస్తారు. మలేరియా పరీక్ష కూడా అప్పుడే చేయించండి. మలేరియా అని తేలితే మాత్రలు మొత్తం వాడాలి. వైవాక్స్ రకానికి మామూలుగా ఇచ్చే ప్రైమాక్విన్ కోర్సు 14 రోజులు. నాలుగో రోజుకి జ్వరం పోయిందని ఆపేస్తే లివర్‌లో దాక్కున్న పరాన్నజీవి కొన్ని నెలలకు మళ్లీ లేస్తుంది. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు, ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పాలి.

డెంగీలో మనవాళ్ల టెన్షన్ అంతా ప్లేట్‌లెట్ల మీదే. లక్ష కిందికి పడగానే బొప్పాయి ఆకు రసం, ప్లేట్‌లెట్ల కోసం గ్రూపుల్లో మెసేజ్‌లు. నిజానికి రక్తస్రావం లేకుండా సంఖ్య పదివేల కిందికి పడితే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. డాక్టర్లు దానితో పాటు రక్తం చిక్కబడుతోందా అని చూస్తారు, ఎందుకంటే ప్రాణం మీదికి తెచ్చేది రక్తనాళాల నుంచి నీరు కారిపోవడం. అది మొదలయ్యేది జ్వరం తగ్గే సమయంలోనే, మామూలుగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. "జ్వరం దిగింది, ఇక గండం గడిచింది" అనుకునే ఆ ఒకటి రెండు రోజులే దగ్గరుండి చూసుకోవాలి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మగతగా లేదా చిరాగ్గా ఉండడం, చేతులు కాళ్లు చల్లబడడం, ఊపిరి అందకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా రాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పటిదాకా ఓఆర్‌ఎస్, కొబ్బరినీళ్లు, మజ్జిగ, గంజి కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. నాలుగైదు గంటలకోసారైనా మూత్రం వస్తోందో లేదో గమనించండి.

జ్వరం ఉన్నన్ని రోజులూ రోగిని పగలు కూడా దోమతెరలోనే ఉంచాలి. ఇంట్లో ఉన్న దోమ ఆ మనిషిని కుడితే, 8 నుంచి 12 రోజుల తర్వాత ఇంకొకరికి అంటించగలదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది. అందుకే పాజిటివ్ రిపోర్టు వచ్చిన రోజే వార్డు ఆఫీసులో చెప్పండి. వాళ్లు వచ్చి ఆ ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్లలో లోపల మందు కొడతారు. దాచిపెడితే ఆ పని జరగదు. వాళ్లు వచ్చేలోగా మంచాల కింద, కర్టెన్ల వెనక, బట్టల మధ్య స్ప్రే కొట్టి తలుపులు కాసేపు మూయండి. మీరు పెట్టుకున్న రోజు దాకా ఆగకుండా అదే సాయంత్రం పక్కింటివాళ్లను పిలిచి, టార్చి తీసుకుని డాబా ఎక్కండి.